మసాలా గల్లీలో ఎర్రగీత

29 నవంబర్ 1982, సోమవారం

ఈరోజు పొద్దున్న మసాలా గల్లీ నడిమధ్యన ఒక మనిషి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

ఇంకా చీకటి విడలేదు. మెడకు మఫ్లర్, ఒళ్లో అట్ట, చేతిలో పెన్సిలు. షిఫ్ట్‌కి పోయే సైకిళ్లు ఆయన మోకాళ్లను రాసుకుంటూ పోతున్నాయి. ఆయన మాత్రం సినిమా హాల్లో ఉన్నట్టు స్థిమితంగా చూస్తున్నాడు. నాన్న గబుక్కున బ్రేకు వేసేసరికి క్యారియర్ మీదున్న నేను వెళ్లి నాన్న వీపుకి కొట్టుకున్నాను.

నాన్నకి ఎ షిఫ్ట్ టైమైపోతోంది. అరే భాయ్‌సాబ్, యే కోయీ బైఠ్‌నే కా జగా హై అని హిందీలో అరిచాడు, ఇదేమైనా కూర్చునే చోటా అని. తర్వాత నాతో మెల్లగా, పిచ్చోడినాగున్నాడే, పక్కనించి ఎల్లిపోదుం అన్నాడు. ఆ మనిషి తెలుగులో, పిచ్చేమీ లేదండీ, టౌన్ ఆఫీసు ఇంజనీరుని, బజారు ఎక్కడ ఇరుక్కుంటోందో తెలియాలంటే ఇరుక్కున్నచోటే కూర్చోవాలి కదా అన్నాడు. నాన్న నాలిక కరుచుకున్నాడు.

ఆయన పేరు సీతారామరావు. కాకినాడ నుంచి కొత్తగా వచ్చారట. ఇంకేదో చెప్పబోతుండగా అటు చివరనుంచి సరుకు లారీ దూరింది. ఆయన కుర్చీ ఎత్తుకుని పరుగు. మేమూ గోడకి అంటుకుపోయాం.

ఇరుక్కున్నచోటే కూర్చోవాలి. ఈ వాక్యం రోజంతా నోట్లో తిప్పుకున్నాను.

నా సంగతి కూడా రాసుకోవాలి. సాక్చీ బజారుకి ఇవతల మా స్టీల్ కంపెనీ క్వార్టర్స్. బజారు దాటి చాలా దూరం పోతే నా కాలేజీ. వెళ్లడానికి రెండే దారులు. ఒకటి లారీల రోడ్డు. అటు సైకిలు తీస్తే కాళ్లు విరగ్గొడతానని నాన్న ముందే చెప్పాడు. రెండోది బజారు మధ్యలోంచి పోయే ఈ మసాలా గల్లీ. ఇందులోకి కూడా లారీలు, తోపుడుబళ్లు రోజంతా వస్తూనే ఉంటాయి. పోయినేడు ఇక్కడే లారీ మీంచి మిరపకాయల బస్తా జారి అమ్మ పక్కన పడింది. దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజునుంచి అమ్మ బజారు ముఖం చూడలేదు.

దసరాకి నాన్న నాకు లేడీస్ సైకిలు కొన్నాడు. అది వరండాలో ఉంది. ఫ్రేముకి చుట్టిన కాగితం ఇంకా విప్పలేదు. తొక్కడం నాకు వచ్చు. గల్లీ బాగుపడేదాకా బజారులోకి తియ్యకూడదని షరతు. నాన్నకి ఎ షిఫ్ట్ ఉన్న వారం ఇలా క్యారియర్ మీద తెల్లవారకముందే కాలేజీకి చేరి, గేటు పక్క మెట్ల మీద లైటు కింద తెలుగు పుస్తకాలు చదువుకుంటాను. మాటల మీద ఈ పిచ్చి అక్కడే పట్టుకుంది. మిగతా వారాల్లో రిక్షా దొరికితే కాలేజీ, దొరక్కపోతే ఇల్లు. అటెండెన్స్ బాగా తగ్గిపోయింది. ఇలాగే ఉంటే మార్చిలో పరీక్షకు కూర్చోనివ్వమని మేడమ్ చెప్పేశారు.

అంతే నా కథ. గల్లీ బాగుపడితే సైకిలు. సైకిలుంటే పరీక్ష.

ఈరోజు మెట్ల మీద దొరికిన మాట: కిక్కిరిసి. పైకి అని చూస్తే పళ్ల మధ్యన కూడా సందు మిగలదు.

30 నవంబర్, మంగళవారం

కుర్చీ మళ్లీ వచ్చింది. ఈసారి గల్లీ రెండో చివర.

3 డిసెంబర్, శుక్రవారం

కాలేజీ నోటీసు బోర్డు చదివి కారిడార్‌లోనే గెంతాను. రమాదేవి నా జడ పట్టుకుని ఆపింది.

సీతారామరావు గారి కుర్చీ పని చేసింది. సోమవారం నుంచి మసాలా గల్లీలో ఎక్స్‌పెరిమెంట్. పగలంతా లారీలు, బళ్లు బంద్. సరుకు దించుకోవడం తెల్లవారకముందో చీకటి పడ్డాకో. పగలు నడిచేవాళ్లూ సైకిళ్లూ మాత్రమే. పదిహేడో తారీఖు శుక్రవారం పెద్ద ఆఫీసరు వచ్చి చూస్తారు. జనం ఆ దారిని వాడుకుంటుంటే ఉంచుతారు. లేకపోతే మర్నాటి నుంచి మళ్లీ లారీలు. గల్లీ చూసుకోవడానికి స్టూడెంట్ వాలంటీర్లు కావాలి. ఆ రోజులకి అటెండెన్స్ ఇస్తారు!

మొదటి పేరు నాది. రెండోది రమాదేవిది. ఆమె క్వార్టర్స్‌లో మా పక్క లైన్లోనే ఉంటుంది, నా క్లాసే.

సాయంత్రం గల్లీలో కొట్టుకొట్టుకీ చెప్పడానికి వెళ్లాం. అందరికంటే పెద్ద నోరు వరహాలు మావయ్యది. మిరపకాయలు, పసుపు, చింతపండు అమ్ముతాడు. సోంపేట నుంచి వచ్చి ముప్ఫై ఏళ్లయినా సోంపేట యాస ఒక్క గింజ కూడా రాలిపోలేదు. మేం చెప్పిందంతా విని, అయితే లారీ రాదు, మరి నా మిరపకాయల బస్తా నీ జడకి కట్టుకుని తెత్తావేటమ్మా అన్నాడు. రమాదేవికి కోపం వచ్చి, రాత్ కో ఆయేగా నా లారీ, దిన్ మే గ్రాహక్ ఆయేంగే అని హిందీలో విరుచుకుపడింది, లారీ రాత్రి వస్తుంది, పగలు గిరాకీ వస్తుందని. అదిగో, తెలుగులో తిట్టడం కూడా రాదు, నాకు బేపారం నేర్పడానికొచ్చింది ఈ గుంట అన్నాడు. అంటూనే ఇద్దరికీ చెరొక బెల్లం ముక్క పెట్టాడు. ఆయన తిట్టినా పెడతాడు. పెట్టినా తిడతాడు.

తెలుగు బోర్డు రాసే పని సీతారామరావు గారు నాకిచ్చారు. ఆనందం పట్టలేక, పాదచారులు వామభాగమున, ద్విచక్రికలు దక్షిణభాగమున అని రాసుకొచ్చి ఇంట్లో గట్టిగా చదివాను. నాయనమ్మ వక్క నములుతూ, పాదచారులంటే ఎవులే, కాశీ ఎల్లొచ్చిన సాదువులా అంది. అమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

చెరిపేశాను. నడిచేవాళ్లు ఇటు. సైకిళ్లు అటు. రెండు బాణాలు.

6 డిసెంబర్, సోమవారం. రాత్రి

మసాలా గల్లీకి ఆకాశం ఉంది. ఈరోజే చూశాను.

ఇన్నాళ్లూ లారీ బస్తాలే కనిపించేవి. ఈరోజు రెండు వరసల కొట్ల మధ్య సన్నగా నీలంగా ఆకాశం, కింద జనం. ఇంగువ వాసన, వేయించిన జీలకర్ర వాసన విడివిడిగా తెలుస్తున్నాయి. ఇదివరకు డీజిల్ ఒక్కటే. పాన్ దుకాణం పాండేజీ బల్లను అడుగు ముందుకు జరిపి, దాని మీద కాళ్లు చాపుకుని కూర్చున్నాడు. దస్ సాల్ మే పహలీ బార్ పైర్ ఫైలాయా హూఁ అన్నాడు. ఒక బెంగాలీ తాతగారు చేతికర్రతో గల్లీ ఈ చివరనుంచి ఆ చివరకు నడిచి, వెనక్కి తిరిగి మళ్లీ నడిచాడు. ఏమీ కొనలేదు. ఊరికే నడిచాడు.

నేను విజిల్ ఊదాను. చాలాసార్లు ఊదాను. అవసరం లేనప్పుడు కూడా.

ఒక్కటే చిక్కు. నా బోర్డు ఎవరూ చూడటం లేదు. సైకిళ్లు ఇటూ అటూ. మనుషులు అటూ ఇటూ.

9 డిసెంబర్, గురువారం

అనుకున్నంతా అయింది. షిఫ్ట్ విడిచిన వేళ సైకిళ్లన్నీ ఒక్కసారి వచ్చాయి. ఒక సైకిలు వెళ్లి చింతపండు గంపలోకి దూరింది. తొక్కేవాడు గంపలో. గంప పెట్టుకున్నావిడ వాడి కాలరు పట్టుకుని, పులుసెట్టీమంటావేటి నిన్ను అంది. ఎవరికీ దెబ్బల్లేవు. చింతపండుకి తప్ప.

వరహాలు మావయ్య గుమ్మంలో నిలబడి చప్పట్లు కొట్టాడు. శెభాష్, లారీ అయితే ముందర హారనేనా కొడతాది అన్నాడు.

సీతారామరావు గారు మా ఇద్దరినీ పిలిచి, మధ్యన గట్టి గీత ఒకటి ఉండాలమ్మా, బోర్డులు తలెత్తితే కనిపిస్తాయి, సైకిలు తొక్కేవాడు తల దించుకుని పోతాడు, వాడి కంటికి నేలమీదే చెప్పాలి అన్నారు. ఎర్ర పెయింట్ కోసం ఆఫీసుకి రాశారట.

అమ్మ ఈ గొడవంతా విని, అందుకే నేనొద్దన్నాను అంది. సైకిలు మీద దుప్పటి కప్పేసింది.

11 డిసెంబర్, శనివారం

పెయింట్ రాలేదు.

13 డిసెంబర్, సోమవారం

పెయింట్ రాలేదు. వచ్చే నెల వస్తుందట. వచ్చే నెల ఎవరికి కావాలి?

నాన్నకి ఈ వారం బి షిఫ్ట్. మధ్యాహ్నం వెళ్తూ నా ముఖం చూసి, పెయింటే కావాలేటే, ఎర్రగుంటే సాల్దా అన్నాడు. ఆ మాట పట్టుకుని పడుకున్నాను.

14 డిసెంబర్, మంగళవారం. రాత్రి

నేను ఎంత తెలివైనదాన్నో రాసుకోవాలి.

కెమిస్ట్రీ ల్యాబ్‌లో పసుపు కాగితాన్ని సున్నపు నీళ్లలో ముంచితే ఎర్రబడుతుంది. పసుపు గల్లీ నిండా ఉంది. సున్నం పాండేజీ దగ్గర ఉంది. ఇంత సులువైన సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ తోచలేదు!

ఎందుకో చెప్పకుండా, పురుగుపట్టిన పసుపు ఏమైనా ఉందా అని వరహాలు మావయ్యని అడిగాను. ఉన్నాది, తీసుకుపొండి, మీ ఎక్స్‌పెరిమెంటుకీ నా పురుగులకీ సరిపోద్ది అని ఒక సంచీ పడేశాడు. కొట్లు కట్టేశాక ముగ్గురం దిగాం. నేనూ రమాదేవీ బకెట్లలో కలిపాం. సున్నం నీళ్లు పోయగానే ఎర్రగా తిరిగింది. ఎంత అందమైన ఎరుపు! సీతారామరావు గారు తాడు పట్టుకుని ముందు నడుస్తుంటే మేం చీపుళ్లతో గీసుకుంటూ వెళ్లాం. గల్లీ పొడుగునా ఎర్రటి గీత. మధ్యమధ్య కాస్త చారలు కారాయి. గల్లీ మొదట్లో, నాలుగు దారులు కలిసేచోట, రమాదేవి కాలు తగిలి బకెట్ బోర్లాపడింది. అక్కడ పెద్ద ఎర్రమడుగు. పోనీలే, దూరంనుంచే కనిపిస్తుంది అనుకున్నాం.

చేతులు ఇంకా ఎర్రగా ఉన్నాయి. ఈ డైరీ అంచులు కూడా.

15 డిసెంబర్, బుధవారం. పొద్దున్న

గల్లీ ఖాళీ.

ఒక్క మనిషి లేడు. ఒక్క సైకిలు లేదు. సైరన్ మోగింది. షిఫ్ట్ జనమంతా గల్లీ మొదట్లో ఆగిపోయారు, ఎర్రమడుగు చూస్తున్నారు, సైకిళ్లు వెనక్కి తిప్పుతున్నారు. మన తెలుగువాళ్లు తిప్పారు. వాళ్లను చూసి మిగతావాళ్లు కుఛ్ హోగా భాయ్, ఏదో ఉండే ఉంటుంది అనుకుంటూ తిప్పారు. అందరూ లారీల రోడ్డు మీద పడ్డారు.

వరహాలు మావయ్య గీతకి ఇవతల నిలబడి ఉన్నాడు. కొట్టు గీతకి అవతల. దాటడు. కొట్టులో పనిచేసే బిహారీ అబ్బాయి అటునుంచి తలుపులు తెరిచి, ఆయియే మాలిక్ అంటున్నాడు. ఈయన పంచె మోకాళ్లదాకా ఎత్తి పట్టుకుని, ఒక్క చుక్క కూడా తొక్కకుండా అటూ ఇటూ తిరుగుతూ, ధనియాల ధర ఇటునుంచే అరుస్తున్నాడు.

ఏమైందని అడిగాను. కళ్లు పెద్దవి చేసి, సూడ్డం నేదా, ఎవులో దిష్టి తీసి పారబోసినారు, ఒక మనిషికి తీసింది కాదిది, ఊరు మొత్తానికి తీసినట్టున్నాది అన్నాడు.

పసుపూ సున్నం. ఎర్రనీళ్లు. నాలుగు దారుల కూడలి.

మా ఇంట్లో నాయనమ్మ నాకు జ్వరం వచ్చినప్పుడల్లా పళ్లెంలో కలిపి, తల చుట్టూ తిప్పి, కూడలిలో పారబోసే నీళ్లు ఇవే. పుట్టినప్పటినుంచి చూస్తున్నాను. కెమిస్ట్రీ ల్యాబ్‌లో మాత్రమే చూసినట్టు ఎలా అనుకున్నాను?

అదే రోజు, సాయంత్రం

సీతారామరావు గారు గీత పక్కన చాలాసేపు నిలబడ్డారు. నేనూ తెలుగువాణ్ణే కదమ్మా, పెళ్లిలో ఈ నీళ్లే కదా నా మీద తిప్పారు, నాకైనా తట్టలేదేమిటి అన్నారు. ఆ తర్వాత మెల్లగా, ఎల్లుండి ఆఫీసరు వచ్చేసరికి గల్లీ ఇలాగే ఉంటే లారీలేనమ్మా అన్నారు.

ఇంటికొచ్చేసరికి నాయనమ్మ గుమ్మంలో పక్కింటివాళ్లను కూర్చోబెట్టుకుని చెబుతోంది. అమావాస్య గడియలు వచ్చీసిన పూట చూసి తీశారట. ఎర్రనీళ్లట, నిమ్మకాయలట, కుంకం అద్దిన గుమ్మడికాయట. నల్లకోడి తలకాయ కూడా ఉందట, తన కళ్లతో చూసినవాళ్లు చెప్పారట.

నల్లకోడి దగ్గర నేను ఆగలేకపోయాను. కోడి లేదు, గుమ్మడికాయ లేదు, నేనే పోశాను అని, పొద్దుటి పంచె సంగతితో సహా చెప్పేశాను. చేతులు చూపించాను.

నాయనమ్మ నోట్లో వక్క ఆగిపోయింది. ఓలమ్మో, అమావాస్య పూట నాలుగు ఈదుల మొగని ఎర్రనీళ్లెట్టినావేటే, సదువుకున్నదానివి కావేటే అని నెత్తి కొట్టుకుంది. పక్కింటివాళ్లు నాకు కాస్త దూరంగా జరిగారు. నేను అమ్మ తిట్టడం కోసం ఎదురుచూశాను.

అమ్మ నవ్వింది. మొదట మెల్లగా, తర్వాత గోడ పట్టుకుని, తర్వాత నేలమీద కూలబడి, కళ్లనీళ్లు కారేదాకా. వరహాలు పంచె ఎలగెత్తినాడో మళ్లీ చెప్పు అంది. చెప్పాను. మళ్లీ నవ్వింది. అమ్మ ఇంత నవ్వడం నేను చూసి చాలా రోజులైంది.

నవ్వు ఆగాక కళ్లు తుడుచుకుని ఒక ప్రశ్న అడిగింది. గల్లీ వెడల్పెంత, అందులో నడిచీవోళ్లకెంత, సైకిళ్లకెంత? చెప్పాను. చేతులు చాపి గాలిలో కొలుచుకుంది. రేపు నెలగంట, ఎలాగూ తెల్లారగట్ట లేచి వాకిళ్లు కడిగి ముగ్గులెట్టుకుంటాం, మన వాకిలి బదులు గల్లీ కొట్ల వాకిలి అంది. నాయనమ్మ వైపు తిరిగి, కళ్లాపి జల్లి ముగ్గెట్టినచోట దిష్టి ఉంటాదా అత్తా అని అడిగింది. నాయనమ్మ వక్క బుగ్గకి నెట్టి, ఉండదు, ఉండడానికి దానికి సిగ్గుండాల అని తీర్పు చెప్పింది.

రమాదేవినీ నన్నూ లైన్లోని ఇళ్లకు తరిమారు. ప్రతి గుమ్మంలోనూ ముందు తిట్లు, తర్వాత నవ్వులు, చివర వస్తామనే మాట.

16 డిసెంబర్, గురువారం

ఇంత ఆనందాన్ని ఏ మాటలో పెట్టాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

అమ్మ బజారుకి వచ్చింది. గల్లీ మొదట్లో ఒక్క క్షణం ఆగింది. పోయినేడు బస్తా పడినచోటు చూసింది. కొంగు బొడ్లో దోపుకుని లోపలికి నడిచింది.

వెనకాల మా లైన్ల ఆడవాళ్లందరూ. బకెట్లు, చీపుళ్లు, ముగ్గుపిండి డబ్బాలు. నాన్న బి షిఫ్ట్ చేసి రాత్రి ఎప్పుడో ఇంటికొచ్చి కూడా కావడిలో నీళ్లు మోశాడు. పాండేజీ తన గేదెల పాక నుంచి పేడ తెప్పించి, లే జాయియే మాతాజీ అని చేతులు జోడించాడు. ముందు నాయనమ్మ ఎర్రమడుగులో మొదటి చెంబు పోసింది. ఎవరిని ఉద్దేశించో తెలియదు, ఫో అంది. ఆ తర్వాత అందరూ కలిసి గీతను ఆ చివరిదాకా కడిగేశారు. కళ్లాపి జల్లాక గల్లీ అంతా పచ్చగా, చల్లగా, పల్లె వాకిలి వాసన.

ఎర్రగీత ఉన్నచోటే అమ్మ ముగ్గు మొదలుపెట్టింది. విడి ముగ్గులు కాదు. మెలికల తీగ. ఒకరు ఆపినచోట ఇంకొకరు అందుకుని, గల్లీ పొడుగునా ఒకే తీగ. అమ్మ వేళ్ల మధ్యనుంచి పిండి జారుతుంటే చూస్తూ ఉండిపోయాను. ఇంటి ముందు జానెడు జాగాలో ఇన్నేళ్లూ ముడుచుకున్న ముగ్గు అది. ఈరోజు దానికి బజారు దొరికింది.

మిఠాయి కొట్టు బెంగాలీ పిన్నిగారు, మాసీమా, చూసి చూసి లోపలికి వెళ్లింది. బియ్యప్పిండి కలిపిన గిన్నెతో వచ్చి, భాష తెలియకపోయినా అమ్మ పక్కన కూర్చుని, తీగకి తన ఆకులు వేసింది. అమ్మ తెలుగులో మాట్లాడింది. ఆవిడ బెంగాలీలో మాట్లాడింది. ఇద్దరికీ అన్నీ అర్థమయ్యాయి.

సైరన్ మోగింది. మొదటి సైకిళ్లు వచ్చాయి. గల్లీ మొదట్లో ఆగాయి. మేమంతా గోడలకి ఆనుకున్నాం. ముందున్నాయన కిందకి దిగాడు, ముగ్గు చూశాడు, కళ్లాపి చూశాడు. చెప్పులు విడవాలేటమ్మా అని అడిగాడు. నాయనమ్మ, వద్దు నాయనా, ముగ్గు మీదకి మాత్రం ఎక్కకు, జాగా ఎంతైనా ఉన్నాది, ఆ పక్కనించెల్లు అంది. ఆయన ఎక్కి ఆ పక్కనుంచే వెళ్లాడు. వెనకున్నవాళ్లందరూ ఆ పక్కనుంచే. నడిచేవాళ్లు ఈ పక్కనుంచే. తెలుగువాళ్లు, బిహారీలు, ఒడియావాళ్లు, సర్దార్జీలు. ఎవరూ బోర్డు చదవలేదు. ఎవరూ ముగ్గు తొక్కలేదు. నా విజిల్ జేబులోనే ఉండిపోయింది.

వరహాలు మావయ్య దర్జాగా తన కొట్టులోకి నడిచాడు. లోపలికి వెళ్లినవాడు వెంటనే బయటికొచ్చి, అదేటమ్మా కస్తూరమ్మా, అందరి కొట్ల ముందూ పువ్వులేసి నా కొట్టు ముందు ఉత్త తీగ వదిలీసినావు, నేనేం పాపం సేసినాను అని పోట్లాడాడు. పువ్వు వేయాలంటే పసుపూ కుంకుమా అయిపోయాయి అంది అమ్మ. మంచి పసుపు, కొత్త పసుపు, పళ్లెంనిండా తెచ్చి నేలమీద పెట్టాడు. పురుగుల్నేవు, సూసుకో అన్నాడు.

17 డిసెంబర్, శుక్రవారం

ఆఫీసరు వచ్చారు. పొడుగాటి మనిషి, మెరిసే బూట్లు, కాలేజీ హిందీ. గల్లీ మొదట్లో కారు దిగి, లోపలికి ఎంత దూరం అని అడిగి, నడవడం మొదలుపెట్టారు. సీతారామరావు గారు వివరంగా చెప్పాలని కాగితాలు తీశారు. ఆయన కాగితాలు చూడలేదు. ముగ్గు తొక్కకుండా నడవాలి కదా, కిందకే చూస్తూ, ప్యాంటు కాస్త ఎత్తి పట్టుకుని నడిచారు. వరహాలు మావయ్య నా చెవిలో, నానైతే ఇంకా ఎత్తినాను అన్నాడు.

చివరకు చేరాక ఆయన వెనక్కి తిరిగి చూశారు. ఇటు బుట్టలతో ఆడవాళ్లు, చెయ్యి పట్టుకున్న పిల్లలు, చేతికర్ర తాతగారు. అటు గంటలు కొట్టుకుంటూ సైకిళ్లు. మధ్యన తీగ. ఈ గీత ఏ పెయింట్‌తో వేశారు అని అడిగారు. అమ్మ పిండి చేతులు కొంగులో దాచుకుంది.

హోలీ దాకా ఇలాగే ఉంచండి, ఆ తర్వాత పక్కా చేద్దాం అన్నారు. లారీలకి వెనక మైదానం చూపించమన్నారు.

సీతారామరావు గారు కాగితాలు గాలిలోకి విసిరారు. మళ్లీ అన్నీ ఏరుకున్నారు.

మధ్యాహ్నం నాన్న షిఫ్ట్‌కి వెళ్లేముందు వరండాలోకి వెళ్లి దుప్పటి తీశాడు. ఫ్రేము మీది కాగితం తనే విప్పాడు. ఆకుపచ్చ రంగు! ఇన్నాళ్లూ నా సైకిలు రంగేమిటో నాకే తెలియదు. టైర్లలో గాలి నొక్కి చూసి, జావో బేటీ, పరీక్ష రాసుకో అన్నాడు. నాన్న సంతోషం ఎక్కువైతే హిందీలోకి వెళ్లిపోతాడు.

ఎక్కాను. లైను దాటాను. బజారు వచ్చింది. మసాలా గల్లీ వచ్చింది. ముగ్గుకి అటుపక్కన, సైకిళ్ల పక్కన, నేను. ధనియాల వాసన ఎదురొచ్చింది, ఇంగువ వాసన ఎదురొచ్చింది. గంట కొట్టాను. పాండేజీ లేచి నిలబడి సెల్యూట్ చేశాడు. వరహాలు మావయ్య, మెల్లగే గుంటా, ఎగిరిపోతావు అని అరిచాడు. గల్లీ అయిపోయాక కూడా ఆగలేదు. కాలేజీ గేటుదాకా వెళ్లి, గేటు ముట్టుకుని, వెనక్కి తిరిగాను.

ఈరోజుకి మాటలేమీ ఏరుకోలేదు. తీరిక లేదు.

18 డిసెంబర్, శనివారం

ముగ్గు రోజూ వేయాలి కదా. ఇంటికొక రోజని వంతులు పెట్టుకున్నారు. అమ్మ మాత్రం అందరి వంతులకీ వెళ్తానంటోంది.

సాయంత్రం నేను సైకిలు తుడుస్తుంటే వచ్చి పక్కన నిలబడింది. వంగి చెయిన్ వైపు చూసింది. చీర ఇందులో పడకుండా ఎలగ కట్టాల అని అడిగింది. నేను తలెత్తాను. అమ్మ నవ్వడం లేదు.

రేపు తెల్లవారుజామున, నాన్న లేవకముందే. సీటు నేను పట్టుకోవాలి, వదలమనేదాకా వదలకూడదు. చక్రం పోయి ముగ్గు మీదకెక్కినా నేను నోరెత్తకూడదట. చెరిగినంతమేరా తనే మళ్లీ వేస్తుందట.